అరువు గొంతు

చెల్లెలికి కాలు నిలవడం లేదు. కూర్చుంటే మోకాలు ఊగుతోంది, లేస్తే గది చాలడం లేదు. బల్ల మీద అన్నయ్య కొత్త కంప్యూటర్, దాని తెర నిండా పరుగులు తీసే అక్షరాలు.

ఆపరేషన్‌తో అన్నయ్య మాట పోయింది. ముందే గొంతు రికార్డు చేసుకున్నాడు కనుక, టైపు చేస్తే పాత కంప్యూటర్ అతని గొంతుతోనే పలికేది. అది చెడిపోయింది. కొత్తదాని చిప్ వేరు, సిస్టమ్ వేరు, పాత ప్రోగ్రాం దీంట్లో నడవదు.

"రెడీమేడ్ ప్రోగ్రాం ఏదో ఉందన్నావుగా, అదే పెట్టెయ్యకూడదూ? ఏ గొంతయితే ఏంటి?" అని పొద్దున్నే వదిన పోరు. పడలేక చెల్లెలు, ప్రోగ్రాములు తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్‌కి ఒక్క మాట టైపు చేసి చెప్పింది. ఎవరో ముందే కట్టి ఉంచిన లైబ్రరీ, అంటే మాట పలికించే ప్రోగ్రాం ముక్క, చిటికెలో వచ్చి కూర్చుంది. పలికింది కూడా, ఎవడో వార్తలు చదివేవాడిలా. సొంత గొంతు వాడుకునే వీలును, దాన్ని కట్టిన మహానుభావుడు తీసేశాడు మరి.

ఆ గొంతు "ఏమోయ్" అంటే వదిన పలకలేదు. అన్నయ్య కంప్యూటర్ మూత దించేసి పలక మీద రాశాడు: 'ఇదైతే నాకొద్దు. మూగగానే ఉంటా.' అన్నంత పనీ చేసే మనిషి. చెల్లెలికి భయం పట్టుకుంది.

ఇక సొంత వంటే గతి అని, ఆ లైబ్రరీని తనే కట్టుకోవడానికి దాని అసలు రాత, సోర్సు కోడ్, దింపుకుంది. ఒక లైబ్రరీ కడదామంటే అది ఇంకోదాన్ని అడిగింది, అది మరోదాన్ని. గోళ్లు అయిపోయాయి, టీ చల్లారిపోయింది. చివరికి తప్పు లేకుండా కంపైలయింది, ప్రోగ్రాం తయారైంది. ఒక మాట కొట్టి, పలికించే మీట నొక్కింది.

మళ్లీ వార్తలవాడే.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఏడుపొచ్చింది. కట్టిందంతా మళ్లీ మొదటినుంచీ చూసింది. అప్పుడు తట్టింది: పొద్దున పెట్టిన ప్యాకేజీ తీసేయలేదు. ప్రోగ్రాం ముందు దాన్నే పట్టుకుంటోంది. తను పిలిచి కూర్చోబెట్టిన శనే.

తీసేసి, కంప్యూటర్‌ని అన్నయ్య ముందుకు జరిపింది.

"ఒక్కసారి చూడు అన్నయ్యా."

అతను నమ్మకం లేకుండానే ఒక మాట కొట్టాడు.

"ఏమోయ్."

కాస్త జీర, కాస్త విసుగు.

"ఆఁ, వస్తున్నా, చెయ్యి ఖాళీ లేదు," అంది వదిన వంటింట్లోంచి, అలవాటు కొద్దీ.

తర్వాత కుళాయి ఆగింది. వదిన తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంకోసారి పిలవండి," అంది.