తప్పు జావాదేనని సుష్మ చెప్పింది

సీ ప్లస్ ప్లస్‌లో ఏ చిక్కు వచ్చినా ఆఫీసులో అందరూ సుష్మ కుర్చీ దగ్గరికే వచ్చేవారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి, మియాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, రోజూ బస్సులు మారి మాదాపూర్‌లోని ఆ కొత్త భవనానికి చేరే ఆమెకు ఆ గౌరవమే పెద్ద ఆస్తి.

తరువాత యశస్విని చేరింది. ఖాజాగూడలో పుట్టి పెరిగిన పిల్ల, అమీర్‌పేటలో జావా నేర్చుకుంది. జావా అప్పుడప్పుడే వస్తున్న భాష కావడంతో మేనేజరు వెంకటరామయ్యకు దాని మీద మోజు. ఒక పార్సిల్ సర్వీసు వాళ్ల పని రాగానే దాన్ని జావాలో చెయ్యమని యశస్విని చేతిలో పెట్టాడు. గోదాములో ఉన్న సరుకులో ఏది ఏ లారీలో ముందు పోవాలో రోజూ కంప్యూటరు చెప్పాలి. అదీ పని. సుష్మను ఆమె కింద వేశాడు.

అప్పటి నుంచి చిక్కులున్న వాళ్లు రెండు కుర్చీల అవతలికి వెళ్లసాగారు. మధ్యాహ్నం యశస్విని డబ్బా విప్పితే చుట్టూ నలుగురు చేరేవారు. సుష్మ తన పెరుగన్నం తను తింటూ ఆ నవ్వులు వినేది. జావా తెర నిలిచిపోయిన ప్రతిసారీ ఆమెకు లోపలెక్కడో చల్లగా ఉండేది. అలా ఉండటం ఆమెకే నచ్చేది కాదు. అయినా ఉండేది.

పని నెలల తరబడి సాగి, ఇచ్చిన గడువు దాటిపోయింది. వెంకటరామయ్య అందరినీ కూర్చోబెట్టి కారణం అడిగాడు.

"భాషతోని ఏం లేదు సార్," అంది యశస్విని. "ఆ కంపెనీ ఓనర్లు ఇద్దరు అన్నదమ్ములు. ముందుగల బుక్ చేసినోళ్ల సరుకే ముందు పోవాలె అంటడు అన్న. ఏ ఊరికి ఎక్కువ సరుకుంటె ఆ ఊరికే లారీ పంపాలె అంటడు తమ్ముడు. ఒకలు చెప్పినట్టు రాస్తె ఇంకొకలు మార్పిస్తున్రు. అది తెగకపోతె ఏ భాషల రాసినా గిట్లనే అయితది."

అది నిజమని సుష్మకు తెలుసు. ముందు రోజు ఆ ఓనర్లలో తమ్ముడైన కిరణ్ ఫోన్ చేసి, అన్న చెప్పింది తీసెయ్యమన్నప్పుడు ఎత్తింది తనే.

"మీరేమంటారు సుష్మగారూ?" వెంకటరామయ్య ఆమె వైపు తిరిగాడు.

"జావా నిదానం సార్. ఆ పాత కంప్యూటర్లలో తెర రావడానికే ఆలస్యమవుతాది. సీ ప్లస్ ప్లస్‌లో అయితే ఇట్ల ఉండదు."

అందులో అబద్ధం లేదు. అడిగిన దానికి మాత్రం అది జవాబు కాదు.

పని సుష్మకు వచ్చింది. రెండు వేల సంవత్సరం వస్తే తేదీలు తప్పుతాయని పాత ప్రోగ్రాములు సరిచేస్తున్న కింది అంతస్తు జట్టులోకి యశస్వినిని పంపేశారు. ఇక మనసు కుదుటపడుతుందనుకుంది సుష్మ. కానీ మెట్ల దగ్గర కింది నుంచి నవ్వులు వినిపిస్తే, అక్కడ కూడా ఆమె చుట్టూ ఎవరెవరు చేరారో చూడాలనిపించేది. ఒకసారి టీ వంకతో వెళ్లి చూసింది కూడా.

సుష్మ రాసిన ప్రోగ్రాం చకచకా నడిచింది. అన్న మునిస్వామి స్వయంగా వచ్చి, తమదీ ప్రొద్దుటూరు వైపేనని చెప్పి మెచ్చుకున్నాడు. ఆ తరువాత కిరణ్ వచ్చాడు.

"మా అన్న చెప్పింది గోదాములో కుదరదమ్మా. మార్చాల."

మార్చింది. మునిస్వామి ఫోన్ చేస్తే మళ్లీ మార్చింది. ఏది ఎందుకు రాసిందో ఆమెకే అంతుపట్టని స్థితి వచ్చింది. ఆ గందరగోళంలో రాజంపేటకు పోవలసిన మామిడి అంట్లు ఏ లారీకీ ఎక్కక, గోదాములోనే నిలువునా ఎండిపోయాయి. నర్సరీ యజమాని ఆఫీసుకే వచ్చి, ఎండిన కట్ట ఒకటి సుష్మ బల్ల మీద పెట్టి వెళ్లాడు.

వెంకటరామయ్య మళ్లీ అందరినీ పిలిచాడు.

"పోనీ, విజువల్ బేసిక్‌లో చేద్దామాండీ? మన దినేశ్ అందులో దిట్టట."

మూల కుర్చీలో కొత్తగా చేరిన దినేశ్ సిగ్గుగా నవ్వాడు. ఆ నవ్వు చూడగానే సుష్మ లోపల మంట రేగింది. యశస్వినిని చూసినప్పుడల్లా రేగే మంటే అది. దినేశ్ ఆమెకు ఏ అన్యాయమూ చేయలేదు. యశస్విని కూడా చేయలేదు.

"భాష మారిస్తే లాభం లేదు సార్," అంది. "యశస్విని ఆ పొద్దే చెప్పింది. ఆ అన్నదమ్ములు ఒక మాట మీదికి రావాల. అది నిజమని అప్పుడే నాకు తెలుసు. తెలిసీ జావా మీదికి తోసినాను."

ఆమెనూ యశస్వినినీ కలిసి గోదాముకు వెళ్లి ఆ సంగతేదో తేల్చుకురమ్మన్నాడు వెంకటరామయ్య.

మరునాడు యశస్విని బండి తీస్తుంటే సుష్మ ఎదురుగా నిలబడింది.

"సార్ అంత చెప్పిండు," అంది యశస్విని. "నాకు అప్పుడే ఎరుక అక్కా. నా దిక్కు చూడకుంట చెప్పినవ్."

"కోపముందా?"

"ఉన్నది. పోతదో లేదో తెల్వది. ఎక్కు, ఎండ ముదురుతది."

బాచుపల్లి గోదాములో అన్నదమ్ములను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సుష్మ తన ఊరి మాటల్లో ఎంత చెప్పినా మునిస్వామి వినలేదు. యశస్విని వాదించలేదు. ఇద్దరినీ లేపి, ఒక మూల ఇంకా పడి ఉన్న అంట్ల దగ్గరికి తీసుకుపోయింది.

"ఇవి మీ ఇద్దర్ల ఎవరి లెక్క ప్రకారం ఆగినయో చెప్పుండ్రి."

కిరణ్ వంగి ఒక ఎండిన అంటు ఎత్తి చూశాడు. ముందు దిగివచ్చింది అతనే. ముందు బుక్ చేసిన సరుకు ముందు పోవాలని, లారీలో మిగిలిన చోటు మాత్రం తన ఇష్టమని ఒప్పుకున్నాడు. మునిస్వామి సరేనన్నాడు.

ఆ లెక్కతో సుష్మ ప్రోగ్రాం నిలబడింది. జావాలో రాసినా నిలబడేదే. పార్సిల్ సర్వీసు వాళ్లు మాత్రం ఇక ఏ పనికైనా యశస్వినే రావాలని పట్టుబట్టారు. తన ఊరి మాట మాట్లాడే మనుషులు తనను కాదని ఆమెను అడిగారని విన్నప్పుడు సుష్మలో మళ్లీ ఆ మంటే రేగింది. ఈసారి తిట్టుకోవడానికి ఏ భాషా లేదు. మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని, ఎవరూ పిలవకుండానే మెట్లు దిగి, యశస్విని బల్ల దగ్గర కూర్చుంది. యశస్విని కొంచెం జరిగి చోటిచ్చింది.