పిక్కలకి నూనె

ఆగండాగండి, వెళ్ళిపోకండి, ఇది విని వెళ్ళండి! గోదారికి ఆనకట్ట కట్టేక, కోనసీమలో కాలవలు కొత్తగా పారుతున్న రోజులు. ఓడలరేవు ఇసకలో చెడుగుడు పందెం. ఇటు ఓడలరేవు, అటు మురమళ్ళ, చెరో ఏడుగురు.

ఓడలరేవు కుర్రాళ్ళకి ఆట నేర్పింది పెద్దిరాజు. మహా గట్టి మనిషి! తెల్లారకముందే మెత్తటి ఇసకలో పరుగులు పెట్టించేవాడు. ఆలస్యంగా వచ్చినవాడికి ఆ రోజు ఆటే లేదు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, నూనె ఒంటితో బరిలో దిగకూడదు. ఎందుకంటే కిందటేడు మురమళ్ళవాళ్ళు ఒళ్ళంతా కొబ్బరినూనె పూసుకొచ్చి, పట్టుకుంటే బొమ్మిడాయి చేపల్లా జారిపోయి గెలిచారు. "మావాడెవడైనా అలా దిగితే నేనే బయటికి ఈడుస్తాను" అని పెద్దిరాజు ఊరందరి ముందూ ఒట్టేసుకున్నాడు. ఈసారి ఎలాగైనా గెలవాలి, అదీ మచ్చ లేకుండా గెలవాలి.

పందెం మొదలయ్యే ముందు ఒక్కొక్కడి ఒళ్ళూ తడుముకుంటూ వచ్చాడు. ఆఖరివాడు మేనల్లుడు ఆదినారాయణ. కూతకి వెళ్ళాడంటే ఊరికే తిరిగిరాడు, జట్టుకి ప్రాణం వాడే. వాడి పిక్క మీద చెయ్యి జర్రున జారింది.

"ఏంట్రా ఇది?"

"నిద్దట్లో ఉండగా అమ్మ రాసేసింది మావయ్యా. ఇసకెట్టి తోమేను, పోలేదు."

వాడి తల్లి సీతారత్నం జనంలోంచి దూసుకొచ్చింది. "ఆయ్, నేనే రాసేను అన్నయ్యా! నువ్వు పరిగెత్తించి పరిగెత్తించి ఆడి పిక్కలు రాళ్ళు చేసేవు. మూలుగుతుంటే కన్నతల్లిని, చూస్తా కూచోనా? తప్పు నాదా, నీదా?"

ఈలోగా మురమళ్ళ జట్టు పెద్ద మాణిక్యాలరావు వచ్చి చూసి పకపకా నవ్వాడు.

"దీనికేనేటండీ! మాకేం పేచీ లేదండి, దింపండి. కిందటేడు మేం పూసుకొచ్చిన దాంతో మీ ఊరికి గారెలొండొచ్చు!"

జనం గొల్లుమన్నారు. హమ్మయ్య అనుకుంటూ ఆదినారాయణ పంచె ఎగ్గట్టాడు. అప్పుడు జట్టులోని పెదబాబు మెల్లిగా అన్నాడు: "ఆలస్యమైందని మొన్న నన్ను కూచోబెట్టేవు కదా బాబాయ్. మేనల్లుడికైతే వేరే లెక్కా?"

పెద్దిరాజు చెల్లెలి వైపు చూశాడు, పెదబాబు వైపు చూశాడు.

"పేచీ మీకు లేకపోవచ్చండి, మాకుందండి. చెడుగుడులో పట్టు పట్టేది పిక్కలకే కదండీ," అని మాణిక్యాలరావుతో చెప్పి, మేనల్లుడి భుజం మీద చెయ్యేశాడు. "కూచోరా. మేం ఆరుగురితోనే ఆడతాం."

"ఓడిపోతే ఆడు మళ్ళీ నీ మొహం చూస్తాడా?" అంది సీతారత్నం.

"చూడకపోతే చూడకపోనీ. ఆడి కాళ్ళు అంతలా పట్టేసేదాకా చూసుకోకపోవడం నా తప్పేనమ్మా, రేపట్నించి పరుగు తగ్గిస్తాను. అది రేపటి మాట. ఇవాళ మాత్రం ఆడు దిగడు."

ఆదినారాయణ ఇసకలో కూలబడి మొహం తిప్పేసుకున్నాడు. ఆరుగురూ చేతులు పట్టుకుని బరిలో నిలబడ్డారు. మురమళ్ళ కూత మొదలైంది.

తప్పు తనదీ ఉందని తెలిసి, ఎదుటివాళ్ళే సరేనన్నాక కూడా, పెద్దిరాజు మేనల్లుణ్ణి దింపలేదు. ఆ చోట మీరుంటే, చెప్పండి, ఏం చేసేవారు?