గోడ మీద పడ్డ చుక్క

మార్చి పదకొండో తేదీ, ఆదివారం. ఆ మధ్యాహ్నం పుస్తకాలకి అట్టలు కట్టే బైండరూ వాళ్ళ అక్కా చెరో రెండు ఉడికించిన గుడ్లు, మిరియాల పొడి చల్లిన బంగాళాదుంప ముక్కలు తిన్నారు. తర్వాత ఎన్నేళ్ళయినా ఆ తేదీ ఎవరి నోట విన్నా ఆయనకి ముందు గుర్తొచ్చేది నెత్తురు కాదు. ఒక చేత్తో గుడ్డు ఒలుచుకుంటూ, ఒడిలో పెట్టుకున్న ఫోను వైపే చూస్తున్న అక్క మొహం.

ఆ ఫోను కొని అప్పటికి మూడు గంటలయింది.

అక్కకి నాలుగో ఏట జ్వరం తగిలి చెవులు పోయాయి. మాటా అక్కడే ఆగిపోయింది. అక్కాతమ్ముళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. ఆ భాష వాళ్ళింట్లోనే పుట్టింది. వాళ్ళిద్దరికీ, అక్క కూతురికీ తప్ప లోకంలో మరొకరికి రాదు. ఆ కూతురు రాత్రంతా రైలెక్కితే గానీ చేరలేని ఊళ్ళో ఉంటుంది. నెల కిందట ఆడపిల్లని కంది. ఫోను చేస్తే బైండరు దగ్గరున్న బొత్తాల ఫోనుకి చెయ్యాలి, ఆయన విని అక్కకి చేతులతో చెప్పాలి. పిల్ల పది మాటలంటే ఆయన చేతులు నాలుగు చెప్పేవి. "సగం మింగేస్తావురా నువ్వు" అని అక్క వేళ్ళతో తిట్టేది. నిజమే. మనసు నొచ్చే మాట ఏదొచ్చినా ఆయన మింగేసేవాడు. అదొక దయ అనుకునేవాడు.

మనవరాలి మొహం చూడాలి, కూతురి చేతులు చూడాలి అని అక్క పట్టుబట్టింది. అందుకే పొద్దున్నే ఆయన వంతెన కింద, నీలం బీరువాలో పాత ఫోన్లు పెట్టి అమ్మే దుకాణానికి వెళ్ళాడు.

"కొత్తవాటిలో చవకవి ఉన్నాయి గానీ, వాటికి ఆ కంపెనీ సిమ్మే వెయ్యాలి మేష్టారూ. మీ సిమ్ము పెడితే మొహం కూడా చూడవు," అన్నాడు దుకాణదారు. "ఏ సిమ్మయినా పట్టేవి, లాకు తీసినవి, ఈ రెండే మిగిలాయి. దీనికి బిల్లుంది. దీనికి లేదు. అందుకే సగం రేటు."

"ఎవరిదిది?"

"ఫోనుకి అమ్మానాన్నల పేర్లడుగుతారేంటండీ. సంబంధం కలుపుకుంటారా?"

బైండరు నవ్వాడు. నవ్వేసి, బిల్లు లేనిదే జేబులో వేసుకున్నాడు.

దుకాణదారు బద్ధకస్తుడు. తాళం మటుకు తీసి, లోపలి సామానంతా అలాగే వదిలేశాడు. భోజనాల దగ్గర అక్కకి అందులో ఫొటోలు దొరికాయి. ముందుపన్ను లేని ఒక ముసలావిడ, నోరారా నవ్వుతోంది. పక్కన గుబురు మీసాల మనిషి, వెనకాల లారీ.

"ఎవరీవిడ?" అని అక్క చేతులడిగాయి.

"దుకాణం వాళ్ళ బంధువు," అన్నాయి బైండరు చేతులు.

కూతురు ఏడింటికి వీడియోలో కనిపిస్తానంది. వెనక గది గోడ మీద అక్క గడియారం ఉంది. దానికి గంట లేదు. పెట్టిన వేళకి ఎర్ర దీపం వెలుగుతుంది. అది పక్కింటి వాచీల ఆయన ఆరేళ్ళ కిందట తీరికగా కూర్చుని, డబ్బులొద్దని చేసిచ్చింది.

అలాంటి మనిషితో బైండరుకి రెండేళ్ళుగా మాటల్లేవు. రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ, ముందు ఒకే అరుగు, పక్కపక్కనే తలుపులు. అక్క తలుపు వేస్తే పిడుగు పడ్డట్టుంటుంది. చప్పుడు మరిచిపోయిన మనిషికి అది ఎంత పెద్దదో ఎలా తెలుస్తుంది? ఒకరోజు వాచీల ఆయన వచ్చి, "తలుపు అదిరినప్పుడల్లా నా బల్ల మీద సన్న చక్రాలు ఎగిరి పోతున్నాయయ్యా. అక్కకి కాస్త చెప్పు," అన్నాడు. ఆ మాటలో అక్క చెవిటితనాన్ని ఎత్తిపొడిచినట్టు తోచింది బైండరుకి. నాలుగు మాటలన్నాడు, ఆయన ఐదన్నాడు. అక్కకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. అదీ మింగేశాడు. అక్క రోజూ వాచీల ఆయన్ని చూసి నవ్వేది. ఆయన మొహం తిప్పుకునేవాడు. ఎందుకో ఆమెకి తెలీదు.

ఆరూముప్పావుకి వీధిలో లారీ ఆగింది.

బైండరు కిటికీ సందులోంచి చూశాడు. నలుగురు దిగారు. ముందున్న మనిషికి గుబురు మీసాలు. ఆ మొహం మధ్యాహ్నమే చూశాడు. మీసాల మనిషి చేతిలో ఫోను, అందులో వీధుల పటం, పటం మీద పోయిన ఫోను ఉన్నచోటు చూపించే నీలం చుక్క.

"చుక్క గోడ మీద పడుతోంది రా. ఇటా, అటా?"

వాచీల ఆయన తలుపు తెరిచే ఉంది. లోపల దీపం కింద, విప్పిన వాచీలు, చిన్న స్క్రూలు, వైరు ముక్కలు పరిచిన బల్ల కనబడుతోంది.

"ఇంకా అడుగుతావేంటి. దొంగసరుకు విప్పే కొట్టు ఇదే."

ఆయన్ని కాలరు పట్టి అరుగు మీదికి ఈడ్చారు. అరవై దాటిన మనిషి, చేతిలో పట్టకారు అలాగే ఉంది. నలుగురిలో పొడుగ్గా ఉన్నవాడు ఆయన కళ్ళద్దాలు రెండు చేతులతో జాగ్రత్తగా తీసి, మడిచి, కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆ తర్వాత చెంప మీద కొట్టాడు. పట్టకారు వీధిలోకి ఎగిరింది.

"ఫోనేది?"

"ఏ ఫోను నాయనా?"

ఆ మీసాల డ్రైవరు టైరు విప్పే ఇనప కడ్డీతో ఆయన పిక్క మీద కొట్టాడు. ముసలాయన కూలబడ్డాడు. లోపల ఇద్దరు బల్ల తిరగేశారు. నలభై గడియారాలు నేలకి కొట్టుకుని పగిలిన మోత, గాజు మీద బూట్ల మోత. ఒకడు సొరుగు తెచ్చి ఆయన నెత్తి మీదే బోర్లించాడు. చిన్న చిన్న చక్రాలు ఆయన జుట్టులో, నెత్తుటిలో అతుక్కున్నాయి.

బైండరు వెనక గదిలోకి పరిగెత్తాడు. అక్క కుర్చీలో కూర్చుని, కొత్త చీర కట్టుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని ఉంది. గోడకి అవతల మనిషిని చావగొడుతున్నారు. ఇవతల ఆమె జుట్టు సర్దుకుంటోంది.

"ఇలా ఇవ్వు. ఆపెయ్యాలి," అన్నాడు చేతులతో.

"ఏడింటికి పిల్ల వస్తుంది."

"బ్యాటరీ పాడవుతుంది."

"నిండుగా ఉంది. చూడు." ఫోను గుండెలకి హత్తుకుంది. ఆయన చేతులు వణుకుతున్నాయి. వణికే చేతుల మాట ఆమెకి అర్థం కాలేదు. నత్తిగా ఉంది కాబోలు అనుకుని నవ్వింది.

బయట ఎవడో అన్నాడు: "ఒరేయ్, ఇక్కణ్ణుంచే దాన్ని మోగించొచ్చు కదరా. నొక్కు."

అక్క గుండెల మీద ఫోను గట్టిగా మోగింది. గది గోడలు అదిరేలా, ఆగకుండా. తెర వెలగడం చూసి ఆమె కళ్ళు మెరిశాయి. కూతురే అనుకుని, మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, నవ్వుతూ ఎదురుచూసింది.

బైండరు వీధి తలుపు దాకా వచ్చి, గడియ మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాడు.

"ఆగండి. గోడ అవతల మోగుతోంది."

"నా గడియారం అది," అన్నాడు వాచీల ఆయన. నోట్లో నెత్తురుతో ముద్దగా వచ్చింది మాట. "అలారం. లోపల ఎక్కడో పడుంటుంది."

"పక్కింట్లో ఎవరుంటారు?"

"ఒక చెవిటమ్మ. ఆవిడకి ఫోనెందుకయ్యా."

నమ్మారు. నమ్మడమే ఆయన కొంప ముంచింది.

"అయితే నీ లోపలే ఉందన్నమాట. గోడలో దాచావా?" డ్రైవరు ఆయన కుడిచెయ్యి లాగి గడప మీద పరిచి, మణికట్టు మీద మోకాలు పెట్టాడు. "వారం కింద మా అమ్మ బస్సెక్కుతోంది. చేతిలో ఫోను లాగారు. వదల్లేదు పిచ్చిది. వెనక చక్రం కింద పడింది. మూడు రోజులు బతికింది. చివరి దాకా నా ఫోనేదిరా అనే అడిగింది. చెప్పు, ఎక్కడుంది?"

"నాకు తెలీదు బాబూ. మీ అమ్మకి అలా జరగాల్సింది కాదు," అన్నాడు వాచీల ఆయన.

కడ్డీ దిగింది. బైండరు ముప్ఫై ఏళ్ళుగా అట్టలు విరుస్తున్నాడు. ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. గోడ ఇవతలికి సరిగ్గా అలాగే వినిపించింది.

అప్పుడు తలుపు తీశాడు. బొటనవేలు విరిగాక తీశాడు. ఆ ఒక్క క్షణం ముందు తీసుంటే అన్నది ఆయన ఇక జన్మంతా మోశాడు.

"ఫోను నా దగ్గరుంది. ఆయన్ని వదిలెయ్యండి."

మొదటి దెబ్బకి పన్ను ఊడింది. రెండోది ఎక్కడ తగిలిందో తెలియదు, నేల మాత్రం తెలిసింది. బూట్లు పక్కటెముకల్లో దిగాయి. "కొన్నాను," అన్నాడు. "పొద్దున కొన్నాను. వంతెన కింద, నీలం బీరువా." డ్రైవరు ఆయన జుట్టు పట్టి తల గడపకేసి కొట్టాడు.

"బిల్లేది?"

"లేదు."

"లేకుండా ఎందుకు కొన్నావు?"

"చవకని."

"కొనే చెయ్యి ఉందనేరా లాగే చెయ్యి లేస్తుంది," అని డ్రైవరు మళ్ళీ కడ్డీ ఎత్తాడు. బైండరు కళ్ళు మూసుకున్నాడు.

లోపల ఎర్ర దీపం వెలిగింది. ఏడయింది. కూతురి మొహం రాలేదు. ఏమిటో తమ్ముణ్ణి అడుగుదామని అక్క ఫోను పట్టుకుని బయటికొచ్చింది. అది ఆమె చేతిలో ఇంకా మోగుతూనే ఉంది.

ఆమె నేల మీద తమ్ముణ్ణి చూసింది. ఎత్తిన కడ్డీని చూసింది. కడ్డీ కిందికి నేరుగా నడిచి వెళ్ళింది. పొడుగువాడు ఆమెని తోశాడు. పడింది, మోచేతులు చీరుకుపోయాయి, లేచింది. అప్పుడు డ్రైవరు మొహం దగ్గరగా చూసి ఆగిపోయింది. ఒకసారి ఫోను వంక చూసింది, ఒకసారి ఆ మీసాల వంక. ఫోను ఆయనకి చాచి, రెండో చేత్తో తన ముందుపన్ను తట్టి, నోరు తెరిచి, లేదన్నట్టు వేలు ఊపింది. తర్వాత ఆ వేలితో ఆయన్ని చూపించి, చంటిపిల్లని ఊపినట్టు చేతులు ఊపింది.

ముందుపన్ను లేని ఆవిడ. మీ అమ్మా?

ఆ భాష రాని మనిషికి కూడా అది అర్థమయింది. డ్రైవరు ఫోను లాక్కున్నాడు. బైండరు డొక్కలో ఇంకొక్క తన్ను తన్నాడు, కానీ అందులో బలం లేదు. అరుగు మీద కూలబడి, తన ఫోనులో ఏదో నొక్కాడు. మోత ఆగింది. ఆ ఆగడం వీధి వీధంతా విన్నది, అక్క తప్ప.

చాలాసేపు ఆయన ఫొటోలు చూసుకున్నాడు. మీసాల మీదుగా కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఆ బీరువా వాడు పొద్దున ఎన్నింటికి తెరుస్తాడు?" అని అడిగాడు చివరికి.

"తొమ్మిదికి," అన్నాడు బైండరు. అన్నాక తెలిసింది, ఏం చెప్పాడో.

వాళ్ళు లారీ ఎక్కుతుంటే పొడుగువాడు ఫోను అడిగి తీసుకుని, గుండుసూదితో సిమ్ము బయటికి తీశాడు. వెనక్కి వచ్చి అక్క అరచేతిలో పెట్టాడు. "ఇది మీదేగా అమ్మా," అని గొణిగి, కిటికీ గట్టు మీది కళ్ళద్దాలు వాచీల ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

బైండరు నడుం పట్టుకుని, కుంటుతూ ఇంట్లోకి వెళ్ళి, సన్న అట్టముక్కలు రెండు, పుస్తకాల వీపుకి అంటించే గుడ్డ పట్టీ తెచ్చాడు. వాచీల ఆయన ఇంట్లో గాజుపెంకులు కాలితో తోసి ముగ్గురూ కూర్చున్నారు. విరిగిన వేలికి చెరోవైపు అట్ట పెట్టి, ఒక పుస్తకాన్ని కట్టినట్టే కట్టాడు.

"జిగురు పూయకు. కంపు," అన్నాడు వాచీల ఆయన. రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"అన్నయ్యా, ఎందుకు అబద్ధమాడారు?"

"ఆవిడ మీదికి పోతారని." వేలికేసి చూసుకుంటూ అన్నాడు, "నువ్వు బయటికొస్తావని కూడా అనుకున్నాలే. ఇంకొంచెం తొందరగా."

బైండరు పట్టీ చివర ముడి వేశాడు. "రేపు ఎముకల డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. దానికంటే ముందు పోలీసుల దగ్గరికెళ్ళి, తొమ్మిదికి ముందే ఆ వంతెన కిందికి వెళ్ళాలి."

"కుంటుతూనా?"

"కుంటుతూనే."

"తలుపు సంగతి ఆవిడకి ఎప్పుడైనా చెప్పావా?"

"లేదు."

"నాకు తెలుసు. చెప్పుంటే ఆవిడ నన్ను చూసి అలా నవ్వేది కాదు. చెప్పు ఇప్పుడు."

వాచిన చేతులతో బైండరు చెప్పాడు. తలుపు సంగతి, ఎగిరిపోయిన చక్రాల సంగతి, రెండేళ్ళ మౌనం. అంతటితో ఆగకుండా బస్సు సంగతి, చక్రం కింద పడ్డ ముసలావిడ సంగతి, తను బిల్లు లేని ఫోను ఎంచుకున్న సంగతి, గోడ వెనక నిలబడి విన్న సంగతి. ఒక్కటీ మింగలేదు. అక్క తమ్ముడి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది, నెమ్మదిగా, దెబ్బలేని చోట చూసి.

వాచీల ఆయన ఎడంచేత్తో జేబులోంచి తన ఫోను తీశాడు. "మీ సిమ్ము ఇందులో వేసుకోండి. ఇది కూడా ఏ సిమ్మయినా పట్టేదే. చవకదే." బైండరు వైపు తిరిగి అన్నాడు, "దీనికి బిల్లుంది."

తెర మీద కూతురి మొహం వచ్చేసరికి ఎనిమిది దాటింది. కూతురు ఫోనుని దేనికో ఆనించి, రెండు చేతులూ ఎత్తింది. ఏం చెప్పిందో బైండరు చూడలేదు. అటు వీపు తిప్పి కూర్చుని నేల మీది చక్రాలు ఒక్కొక్కటే ఏరి ఒక డబ్బా మూతలో వేశాడు. అక్క మాత్రం చూస్తూ, జవాబిస్తూ, మధ్యలో వాచీల ఆయన భుజం తట్టి, తెర మీది చంటిదాన్ని చూపించింది.

లేచి వెళ్ళేటప్పుడు ముసలాయన మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. మళ్ళీ నిలబెట్టిన బల్ల మీద మూతలో చక్రాలు. తలుపు దగ్గర అక్క ఆగింది. ఒక అరచెయ్యి చెక్కకి ఆనించి, ఇంకో అరచెయ్యి గుమ్మానికి ఆనించి, ఎంత అదురు పుడుతుందో చర్మంతో వింటూ, వేలెడు వేలెడు చొప్పున తలుపు దగ్గరికి వేసింది. మూతలో ఒక్క చక్రమైనా కదల్లేదు.