సున్నా వచ్చిన మనిషి

తొమ్మిది ప్రశ్నలు. పదకొండేళ్లుగా అవే తొమ్మిది. జూదం మాన్పించే ఆ ఆస్పత్రి విభాగంలో నర్సమ్మను నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేస్తుంది. పోగొట్టుకున్నది రాబట్టాలని మర్నాడు మళ్లీ ఆడారా? ఆట వల్ల ఇంట్లో గొడవలయ్యాయా? ఎప్పుడూ లేదంటే సున్నా, దాదాపు ఎప్పుడూ అంటే మూడు. మొత్తం ఎనిమిదో ఆపైనో వస్తే వైద్యంలో చేర్చుకుంటారు, తగ్గితే ఓ కరపత్రం చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ సంగతి బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ ముందే చదివి వినిపిస్తారు కూడా. ఇందులో నర్సమ్మ తెలివితేటలతో పనేమీ లేదు. కాళ్లు లాగేస్తున్నాయి, బయట ఇంకా నలుగురున్నారు.

ఆ రోజు ఒక్క చోటే ఖాళీగా ఉంది. దానికోసం లిఫ్టు మెకానిక్‌ను వాళ్లక్క రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

"ఎలాగైనా చేర్చుకోండమ్మా. ఈసారి వీడు బాగుపడకపోతే మా మరదలు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతానంది. అన్నంత పనీ చేస్తుంది."

అక్కను బయట కూర్చోబెట్టి నర్సమ్మ చదవడం మొదలుపెట్టింది. మెకానిక్ గోళ్లలో గ్రీజు చూసుకుంటూ అన్నిటికీ ఒకటే జవాబు చెప్పాడు. "ఎప్పుడూ లేదండి." ఇంట్లో గొడవలకూ అదే మాట, అవతల అక్క ముక్కు చీదుకోవడం వినబడుతుండగానే.

నిజం చెప్పు నాయనా అనొచ్చు. అంత ఓపిక లేదు. అలవాటుగా కంప్యూటర్లో లెక్క ఖరారు చేసే మీట నొక్కేసింది. ఒకసారి నొక్కితే మూడు నెలల దాకా అదే మనిషిని మళ్లీ అడగడానికి లేదు.

"సున్నా వచ్చింది," అంది బయటికొచ్చి.

అక్క ముఖం వెలిగిపోయింది. "అంటే జబ్బు లేదన్నమాటేగా?"

నర్సమ్మ నోరు తెరిచేలోపే, వెనకే వచ్చిన మెకానిక్ బెంచీ మీద చరిచి, పక్కన తన వంతు కోసం కూర్చున్న బట్టతలాయన వైపు తిరిగాడు.

"చూశావా బాబాయ్! ఎనిమిది రాదన్నానా లేదా? టీ నువ్వే పోయించాలి!"

నర్సమ్మకు ఒళ్లు మండింది. అతని మీద కాదు, తన మీద. ఇన్నేళ్లలో ఈ బెంచీ మీద ఏం జరుగుతోందో ఒక్కనాడూ తొంగిచూడలేదు. తను నొక్కిన సున్నాల్లో ఇక్కడ పుట్టినవి ఎన్నో!

"టీ కోసమా రా?" అక్క లేచి నిలబడింది. "నీ పెళ్లాం కాపురాన్ని కప్పు టీకి పెట్టావా?"

"ఊరికే, సరదాకి..." అని నసిగాడు. అప్పటికి బుర్రకెక్కినట్టుంది, ముఖం పాలిపోయింది. "మళ్లీ అడగండి మేడం. ఈసారి నిజమే చెబుతా."

"మూడు నెలలు ఆగాలి," అంది నర్సమ్మ. తన గొంతు తనకే అసహ్యమేసింది. చేతిలో ఉన్న కాగితం ఫారం చివర 'ఇతర విషయాలు' అని ఓ గడి ఉంటుంది. అందులో ఎవరూ రాయరు, రాసినా ఎవరూ చదవరు. నర్సమ్మ రాసింది: 'చోటు పోతుందని తెలిసీ, కప్పు టీ పందెం గెలవడానికి అన్నిటికీ అబద్ధం చెప్పాడు.'

"పదండి, పెద్ద డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్తా."

"ఆయన ఒప్పుకుంటారా అమ్మా?" అంది అక్క.

"ఒప్పుకోరక్కా," అన్నాడు మెకానిక్ నీరసంగా. "కావాలంటే పందెం..."

మాట సగంలో ఆగింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది. అక్క పక్కన కూలబడి అతని తల దగ్గరికి తీసుకుంది.

నర్సమ్మ నిలబడే ఆ పందెం మాట కూడా గడిలో రాసింది.