రెండు జానల ఎడం

పట్టుగూళ్ల బస్తాల చాటున తోటి కూలి గౌరమ్మ పట్టుదారం ఒక కొసను హేమావతి వెన్ను మీద ఆనించి, రెండో కొసను ఎడమ పక్కగా రొమ్ము కిందికి తెచ్చింది. రెండు జానలు. ఇరవైరెండో పొద్దూ అంతే.

“కలవలేదు మే. గండం గడిసినట్టే,” అని దారాన్ని హేమావతి కూర్చునే ఆరో బేసిన్ పక్క మేకుకు తగిలించింది.

ఒంటి చుట్టూ పాకే సర్పి పొక్కుల వరసకు తలా తోకా కలిస్తే మనిషి దక్కదని ఇద్దరి నమ్మకం. మొదటి ఐదు రోజులు కొలతలకూ, పెద్దపంజాణిలో నాటుమందుగా ఎర్రజాజు రాయించుకోవడానికీ సరిపోయాయి. ఆరో రోజు మదనపల్లె డాక్టరమ్మ తల పట్టుకుంది. “అది ఒక పక్కనే వస్తుందమ్మా, చుట్టూ తిరగదు. మూడు రోజుల్లోపల వచ్చుంటే మాత్రలు బాగా పనిచేసేవి. పొక్కులు నెలలో మానతాయి. నరంలో నొప్పి నెలల తరబడి ఉండొచ్చు.” చివరి మాట హేమావతి వినదలచుకోలేదు.

ఈ పట్టు షెడ్డులో ఆమెకు పాతికేళ్లు. ఉడికిన గూళ్లలోంచి కొసలు పట్టి, తెగినదాన్ని చక్రం ఆగేలోపే అతుకుతుంది. నీళ్లలో నాని వేళ్ల గీతలు చెరిగిపోయాయి. ఆధార్ మిషను మీద ముద్ర పడదు. అదే ఆమె గొప్ప.

యజమాని మునిశేఖర్ చెడ్డవాడేమీ కాదు. నాగాల తరువాత ఇవాళే పనికి వచ్చిన ఆమెతో, “సాయంత్రం దాకా కూసుంటే తావు నీదే అమ్మా. లేకుంటే పల్లవిని కూసోబెడతా,” అన్నాడు.

ఆవిరి తగిలింది. మానిన మచ్చ మీద రవికె గుడ్డ కారం రాసినట్టు మండింది. పైన పుండు లేదు, ఎవరికి చూపించాలి? కొస తెగింది. అతికింది. మళ్లీ తెగింది. మధ్యాహ్నానికి ఆ మంటలో చెయ్యి మరుగునీళ్లలో పడినా ఆమెకు తెలియలేదు. అది చూసి గౌరమ్మకు భయమేసింది.

“యాల ఓర్సుకుంటాండావు? లెయ్యి.”

“తలా తోకా కలవలేదు గదా,” అంది హేమావతి. “మరి యాల సంపతాండాది?”

గౌరమ్మ మేకు మీది దారం వైపు చూసింది.

మూడు గంటలకు ఆరో చక్రం ఆగింది. హేమావతి చేతులు తుడుచుకుని, ఎడమ మోచెయ్యి ఒంటికి తగలకుండా ఎత్తిపట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది. మునిశేఖర్ ఆపలేదు. పల్లవి వచ్చి కూర్చుంది.

మేకుకు కొలతదారం వేలాడుతోంది, ఇంకా రెండు జానలే.