పదిన్నర నీళ్ళు

వెదురుగడ నేలలోని నీళ్ళ సంపులోకి దిగింది. అడుగు తగిలాక సుంకన్న దాన్ని పైకి లాగి, తడి ఎక్కడిదాకా వచ్చిందో బొటనవేలితో తాకి చూశాడు. నాలుగు గంట్లు దాటి, ఐదో గంటుకు రెండు వేళ్ళు తక్కువ. చాలు. గడను గోడకు ఆనించి మోటారు స్విచ్చి నొక్కాడు. మోటారు ఒకసారి దగ్గి, ఒకే శ్రుతిలో తిరగసాగింది. ఆ శ్రుతి కాస్త మారినా గాఢనిద్రలోంచి లేచి కూర్చుంటాడతను.

ఉదయం ఐదున్నర. రెండువేల రెండు, మే నెల, ఆదివారం. హోసూరు రోడ్డు మీద గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సుల మోత లేదు.

బొమ్మనహళ్ళి మందార ఎన్‌క్లేవ్‌లో నాలుగు బ్లాకులు, తొంభై ఆరు ఇళ్ళు. రోజుకొకసారి, గంటన్నర సేపు నీళ్ళు. పెద్ద ట్యాంకు నుంచి దిగే నాలుగు పైపులకు నాలుగు వాల్వులు. వాటిని తిప్పే మనిషి ఒక్కడే.

సుంకన్నకు యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, పైన చేతుల్లేని బనియను. వాల్వు తిప్పే ఇనప రాడ్డు ఒరుసుకుని కుడి అరచేతికి అడ్డంగా కాయ కాసింది. ఎప్పుడూ తడిలో నానే వేళ్ళ కొసలు ముడతలు పడి ఉంటాయి. ఎడమ చెవి సరిగా వినపడదు. కాని పైపు మీద చెయ్యి పెట్టి, లోపల నీళ్ళు ఏ అంతస్తుకు చేరాయో చెప్పగలడు.

అతనికున్న గొప్ప ఒక్కటే. టైము. ఏడంటే ఏడు. ఏడుకు ఐదు నిమిషాల ముందు కుళాయి విప్పి, కింద బకెట్టు పెట్టి, ధైర్యంగా పాలకు వెళ్ళే ఇల్లాళ్ళు ఉన్నారక్కడ. పదకొండేళ్ళలో చెప్పిన టైముకు ఒక్క రోజు కూడా వాళ్ళ బకెట్టు ఖాళీగా లేదు.

ఆరున్నరకు భుజంగరావు వచ్చాడు. తెల్ల బూట్లు, నలగని ట్రాక్‌ప్యాంటు. ఏదో ప్రభుత్వ కంపెనీలో ఆఫీసరుగా రిటైరై, ఏడేళ్ళుగా ఓనర్ల సంఘానికి సెక్రటరీగా ఉన్నాడు. ప్రెసిడెంటు జయరామప్ప ఉన్నాడు గాని, ఆయన సంతకం పెట్టడానికే ఉన్నాడు.

"సుంకన్నా, ఇవాళ ఏడుకు కాదు. పదిన్నరకు వదులు."

"అట్లే సార్."

"పదిన్నర అంటే..."

"పదిన్నరే సార్. పదీ ఇరవై తొమ్మిది కాదు."

భుజంగరావు నవ్వి, అతని భుజం తట్టాడు. "అందుకే కదయ్యా నువ్వంటే నాకిష్టం. నేనున్నంత కాలం ఆ రూములోంచి నిన్నెవడూ కదల్చలేడు."

ఆ రూము మోటారు షెడ్డుకు ఆనుకునే ఉంది. పది అడుగుల పొడవు, పైనా పక్కనా రేకులు. అద్దె లేదు. కాగితం కూడా లేదు. సెక్రటరీ మాటే కాగితం.

ఏడుంబావుకు సి బ్లాకు మూడో అంతస్తు కిరణ్మయి దిగివచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. నైటీ మీద చున్నీ వేసుకుని ఉంది. చేతిలో జెరాక్స్ కాగితాల కట్ట.

"సుంకన్నా, నీళ్ళు రాలేదేంటి? మోటర్ ప్రాబ్లమా?"

"లేదమ్మా. పదిన్నరకు వదలమన్న్యాడు సెక్రటరీ సారు."

"పదిన్నరకా? అప్పుడే కదా జనరల్ బాడీ మీటింగ్..." ఆమె ఆగిపోయింది. కాగితాల కట్టను రెండో చేతికి మార్చుకుంది. "పోయిన మీటింగ్ రోజు ఎన్నింటికి వదిలారు?"

సుంకన్న ఆలోచించనవసరం లేకపోయింది. "పదిన్నరకే."

"అంతకు ముందు మీటింగ్‌కి?"

"అది నవంబర్లో. పదిన్నరకే. దాని ముందరదీ పదిన్నరే."

కిరణ్మయి షెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయింది. మెల్లగా చెప్పింది. సంఘం మీటింగు జరగాలంటే మూడో వంతు ఇళ్ళ వాళ్ళు రావాలి. అంటే ముప్పై రెండు మంది. రాకపోతే అరగంట ఆగి, ఉన్నవాళ్ళతోనే జరిపేయవచ్చు. వాళ్ళు చెయ్యెత్తిందే తీర్మానం. రూల్సులోనే ఉంది.

"లాస్ట్ టైమ్ తొమ్మిది మంది వచ్చారు సుంకన్నా. తొమ్మిదీ ఆయన మనుషులే. వాళ్ళతోనే ఆయన మళ్ళీ సెక్రటరీ అయిపోయాడు. జనానికి ఇంట్రెస్ట్ లేదనుకుని తిట్టుకున్నాను. నేను కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు గుర్తొస్తోంది. డ్రమ్ము నింపుతున్నా."

"నీళ్ళు వచ్చేటప్పుడు మీటింగుకు ఎవురొస్తారమ్మా" అన్నాడు సుంకన్న. అన్నాక ఆ మాట తనకే మళ్ళీ వినిపించింది.

కిరణ్మయి ఒక కాగితం విప్పింది. నిన్న సాయంత్రం భుజంగరావు జెరాక్స్ షాపులో మరిచిపోయిన అగ్రిమెంటు అది. షాపువాడు ఆమె కాగితాల్లో కలిపి ఇచ్చేశాడు. వెనక ఖాళీ స్థలం, అందులోని బోరుతో సహా, ముప్పై ఏళ్ళ పాటు ఒక ట్యాంకరు నీళ్ళ వ్యాపారికి లీజుకు. ఆ వ్యాపారి భుజంగరావు బామ్మర్ది. నోటీసులో మాత్రం 'వెనక స్థలం అభివృద్ధి' అని ఒక్క లైను వేశాడు.

"మన బోరా?"

"మన బోరే. మన నీళ్ళే తోడుకెళ్ళి, ట్యాంకర్లో మళ్ళీ మనకే తెచ్చి పోస్తారు. ఇవాళ పాసైపోతే కోర్టుకెళ్ళినా ఏళ్ళు పడుతుంది." ఆమె లేచింది. "సుంకన్నా, కొంచెం ముందే..."

ఆమె చూపు రూము ముందు ఆరేసిన చీర మీద, తలుపు సందులోంచి కనిపిస్తున్న నులక మంచం మీద పడింది. "వద్దులెండి. నేనేమీ అడగలేదనుకోండి. మీ ఇల్లు ఆయన చేతిలో ఉంది."

ఆమె వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు మూడో అంతస్తు దాకా వినిపించింది.

సుంకన్న వెనక స్థలంలోకి వెళ్ళి బోరు పైపు మీద అరచెయ్యి ఆనించాడు. సన్నటి వణుకు. తొంభై ఒకటిలో, బోర్లు వేసే మారప్ప రిగ్గు లారీ మీద హిందూపురం నుంచి కూలీగా వచ్చాడు తను. ఈ స్థలంలో అప్పటికి రెండు బోర్లు దుమ్ము కక్కాయి. మూడోది ఈ మూల. మూడు వందల నలభై అడుగులకూ దుమ్మే. బిల్డరు సామాను సర్దుకుని లారీ తీసుకుపొమ్మన్నాడు. రంధ్రంలోంచి ఎగిరిన పొడిని అరచేతిలో నలిపి, ఇంకో ఇరవై అడుగులు దించమని మారప్ప కాళ్ళా వేళ్ళా పడ్డాడు సుంకన్న. పద్దెనిమిది అడుగులకు నీళ్ళు రిగ్గు కంటే ఎత్తు లేచాయి. మర్నాడు లారీ వెళ్ళిపోయింది. నెల రోజులు మోటారు చూసుకోమని బిల్డరు సుంకన్నను ఉంచాడు. ఆ నెల రోజులకు ఇప్పుడు పదకొండేళ్ళు.

పిల్లలు లేరు. ఎవరైనా అడిగితే భార్య నర్సమ్మ, "తొంభై ఆరు కుళాయిలు సాకుతాండాడు, చాలదా?" అంటుంది.

ఆమె రూము ముందు కూర్చుని రాగిసంకటి కలియబెడుతోంది. అక్కడే ఆరు ఇళ్ళలో అంట్లు తోముతుంది. అతనికంటే అరచెయ్యి పొడుగు.

"ఇన్న్యావా?" అన్నాడు సుంకన్న.

"గోడ రేకుది. అంతా ఇన్నా."

"ముందే వదిల్తే రూము పోతాది మే."

"పోతాది."

"రెండు పూటల్లో రోడ్డు మీద పడతాము."

"బోరు పోతే మాత్రం నిన్ను ఈడ పెట్టుకుంటాడా? ట్యాంకరుకు పైపు తగిలించేదానికి సుంకన్న కావల్నా ఆయప్పకి?" ఆమె గరిటె విదిల్చింది.

సుంకన్న ఆమె పెట్టిన రెండు సంకటి ముద్దల వైపు చూశాడు గాని ముట్టలేదు. "పదకొండేండ్లు టయానికి తిప్పితినే. ఒక్క నిమిషం అటూ ఇటూ చెయ్యలే. ఆ టయమే పెట్టి అందర్నీ ఇండ్లల్లో కూర్చోబెట్న్యాడు. గడియ ఆయనది, పెట్టింది నేను."

"తెలిసింది గదా. ఇంగ తిను, తిని పోయి తిప్పు. ఏడ్సుకుంటా తిప్పొద్దు. తిప్పితే మగోని మాదిరి తిప్పు."

"నీకు బయం లేదా?"

"నీకంటే ముందు నాకు ఆరు ఇండ్ల పని పోతాది. నేను ఏడుస్తాండానా?"

అతను నవ్వాడు. రెండు ముద్దలూ తిన్నాడు. చెయ్యి కడుక్కుని గడియారం చూశాడు. ఎనిమిదీ ఐదు.

వాల్వుల గుంతలోకి దిగి రాడ్డు బిగించాక మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చెప్పని టైముకు ఆ చెయ్యి ఎప్పుడూ తిరగలేదు. తర్వాత తిరిగింది. ఎ బ్లాకు, బి, సి, డి. మూడో అంతస్తులకూ సమంగా ఎక్కేలా ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెంగా విప్పాడు. పైపులు గాలి కక్కాయి. ఆ వెంటనే నాలుగు బ్లాకుల్లోనూ విప్పి ఉంచిన కుళాయిలు ఒకేసారి గరగరలాడాయి.

ఆదివారం నిద్ర విరిగిపోయింది. బకెట్లు ఈడ్చిన చప్పుడు, డ్రమ్ముల మూతలు పడ్డ చప్పుడు. బాల్కనీలోంచి ఎవరో, "ఏమప్పా సుంకన్నా, నీ గడియారం కెట్టు పోయిందా?" అని అరిచారు.

"బాగయ్యిందప్పా" అని కిందినుంచి బదులిచ్చాడు సుంకన్న.

నర్సమ్మ ఎ, బి బ్లాకుల మెట్లెక్కింది. కిరణ్మయి కాగితాలతో సి, డి బ్లాకులు అందుకుంది. తలుపు తట్టడం, బోరు సంగతి, పదిన్నర సంగతి రెండు మాటల్లో చెప్పడం, పక్క తలుపుకు పోవడం.

తొమ్మిదికి కుర్చీల ఆటో వెంటబెట్టుకుని వచ్చిన భుజంగరావు గేటు దగ్గరే ఆ చప్పుడు విన్నాడు. నేరుగా షెడ్డుకు వచ్చాడు.

"ఎవరు వదలమన్నారు?"

"ఎవురూ లేదు సార్. నేనే."

"మూసెయ్."

"బకెట్లు ఇంకా నిండలే సార్."

"నేను చెప్తున్నాను. మూసెయ్."

సుంకన్న గుంతలోంచి పైకొచ్చి రాడ్డు ఆయన చేతికిచ్చాడు. భుజంగరావు తెల్ల బూట్లతోనే దిగాడు. బురద చీలమండల దాకా వచ్చింది. రాడ్డు బిగించి, పళ్ళు బిగించి, బలంగా తిప్పాడు. ఎ బ్లాకు కుళాయిలు జలపాతంలా మోగాయి.

"అట్ల తిప్పితే ఇంకా వస్తాది సార్" అన్నాడు సుంకన్న.

భుజంగరావు రాడ్డు పడేసి పైకెక్కాడు. ఆయన మొహం ఎర్రబడింది గాని గొంతు పెంచలేదు. పైన బాల్కనీల్లో జనం ఉన్నారు.

"సాయంత్రానికి రూము ఖాళీ కావాలి."

"సాయంత్రం దాకా ఏంటికి సార్."

భుజంగరావు ఇంకేదో అనబోయి, బురద బూట్లతో ఆఫీసు గది వైపు నడిచాడు. సుంకన్న గుంతలోకి దిగి, ఆయన విప్పిందంతా మళ్ళీ సరిచేశాడు. తొమ్మిదిన్నరకు నాలుగు వాల్వులూ మూశాడు. గంటన్నర నిండడానికి ఐదు నిమిషాలు తక్కువ. అయినా డ్రమ్ములు నిండి పొర్లుతున్న చప్పుడు అతనికి వినిపించింది.

పదిన్నరకు పార్కింగులో వేసిన కుర్చీలు ఇరవై. వచ్చిన జనం వాటికి మూడింతలు. తడిసిన చీర కుచ్చెళ్ళతో, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంట్లతో వచ్చారు. స్కూటర్ల మీద కూర్చున్నారు, స్తంభాలకు ఆనుకుని నిలబడ్డారు. జయరామప్ప వేలెత్తి రెండుసార్లు లెక్కపెట్టి, నమ్మకం కుదరక మూడోసారి లెక్కపెట్టాడు. అరవై ఏడు.

సుంకన్న ఓనరు కాదు. మీటింగులో అతనికి పని లేదు. రూములో చాప చుడుతూ, మంచి చెవి అటు పెట్టి విన్నాడు.

ఏర్పాట్లు సరిగా లేవు కాబట్టి వాయిదా వేద్దామంటున్నాడు భుజంగరావు.

"ఏడేళ్ళు జనం లేకుండా జరిపారు కదా సార్" అంది కిరణ్మయి గొంతు. "ఇవాళ జనం ఉన్నారు కాబట్టి జరపకూడదా?"

నవ్వులు. ఒకరిద్దరు మొదలుపెట్టి, తర్వాత అందరూ.

"వాళ్ళు మనల్ని ఉండమంటారు" అంది నర్సమ్మ, ట్రంకు పెట్టెకు తాడు బిగిస్తూ. "గెలిచినారంటే ఈ రూము నీకే రాసిస్తారు చూడు."

"ఉండమంటారు. అందుకే ఇప్పుడే పోవల్ల."

"పిచ్చి పట్టెనా?"

"అడిగినాక కాదనేది నాకు రాదు మే. మంచోళ్ళే. రేపు వాళ్ళల్లో ఒకడు సెక్రటరీ అయితాడు. పదిన్నర అంటాడు. ఏంటికని అడక్కుండా పదిన్నరకే తిప్పుతా. నా చెయ్యి అట్లాంటిది." కాయ కాసిన అరచెయ్యి చూసుకున్నాడు. "మారప్ప రెండేండ్ల నుంచి పిలుస్తానే ఉండాడు. బాగేపల్లిలో రెండు రిగ్గులు తిప్పుతాండాడంట. నీళ్ళు యాడ ఉండాయో చెప్పేదానికి మనిషి కావల్లంట. ఆ పనిలో ఎవుడూ టయం చెప్పడు."

నర్సమ్మ అతన్ని పైనుంచి కింద దాకా చూసింది. "నిన్న చెప్పింటే చీర ఆరేసేదాన్నే కాదు" అని, తీగ మీది తడి చీర లాగి మడత పెట్టింది.

గేటు దగ్గర వాచ్‌మన్‌కు రాడ్డు అప్పగించాడు సుంకన్న. ఏ వాల్వుకు ఎన్ని చుట్లో, ఏ పక్కకు తిప్పాలో చెప్పి, తిరిగి అతని చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. పార్కింగులో చేతులు లేచాయి, అడవిలా. ఎందుకు లేచాయో అతను ఆగి చూడలేదు. ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని, చాప చంకలో పెట్టుకున్న నర్సమ్మ వెనక హోసూరు రోడ్డు వైపు నడిచాడు. అతని అడుగులు ఎప్పటిలాగే పొట్టిగా, వేగంగా పడ్డాయి.

పన్నెండుకు కిరణ్మయి పరుగులాంటి నడకతో షెడ్డుకు వచ్చింది. బోరు ఎక్కడికీ పోదు. కొత్త కమిటీ వచ్చింది. సుంకన్న బతికినంత కాలం రూము అతనిదేనని తీర్మానం రాసి, మొదటి సంతకం తనే పెట్టింది. ఆ సంగతి తనే చెప్పాలని, మిగతావాళ్ళను ఆగమని వచ్చింది.

రూము తలుపు తీసే ఉంది. నేల ఊడ్చి ఉంది. నులక మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆమె రెండుసార్లు పిలిచింది.

వెళ్ళేటప్పుడు ఇల్లు వట్టిగా వదలకూడదని కాబోలు, గుమ్మానికి లోపల ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె నిండా నీళ్ళు పట్టి మూత పెట్టారు. మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు అంచు ఇంకా తడిగానే ఉంది.