మూడు చుట్లు వదిలిన స్క్రూ

దుర్గయ్యకు ఈ లోకంలో రాని పని లేదు. కనీసం ఆయన నోట "నాకు రాదు" అనే మాట విన్న మనిషి సూర్యాపేట మొత్తం గాలించినా దొరకడు. బస్టాండు వెనక సందులో ముప్పై ఏళ్లుగా సైకిల్ దుకాణం నడుపుతున్నాడు. మిక్సీ తెచ్చినా విప్పుతాడు, గొడుగు తెచ్చినా విప్పుతాడు. తిరిగి బిగించాక అవి పనిచేశాయా లేదా అన్నది తెచ్చినవాళ్ల అదృష్టం.

ఆ ఆదివారం పొద్దున షట్టర్ ఇంకా సగమే లేచి ఉంది. ఉషశ్రీ అనే డిగ్రీ చదివే అమ్మాయి గేర్ల సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. దాన్ని మిర్యాలగూడలో ఎవరి దగ్గరో పాతది కొన్నదట. వచ్చే వారం కాలేజీల మధ్య సైకిల్ పోటీలు ఉన్నాయి, ఇవాళ ప్రాక్టీసుకు కోదాడ దాకా పోవాలి. వెనక చక్రానికి పళ్ల చక్రాలు ఏడున్నాయి, వాటిలో అన్నిటికన్నా పెద్దదాని మీదికి చైన్ ఎక్కడం లేదు. ఎత్తు ఎక్కాలంటే అదే కావాలి.

గేర్ల సైకిల్‌ను దుర్గయ్య అంతవరకు పంచరు వేయడానికి తప్ప ముట్టుకోలేదు. ఆ మాటే చెప్పి పంపేస్తే సరిపోయేది. కానీ అది బోణీ బేరం. బోణీని తిప్పి పంపితే ఇక పొద్దుగూకేదాకా ఈగలు తోలుకోవాల్సిందేనని ఆయన నమ్మకం.

"గిదేం పెద్ద పని బిడ్డా! పది నిమిషాలు కూసో" అన్నాడు.

ముందు గేరు వైరు లాగి బిగించాడు. చైన్ ఎక్కలేదు. చైన్‌ను పక్కకు నెట్టే ఇనుప చెయ్యి దగ్గర రెండు చిన్న స్క్రూలు కనబడ్డాయి. ఒకదాన్ని వదులు చేశాడు. చైన్ కాస్త జరిగింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు తిప్పాడు. సైకిల్‌ను గాల్లో లేపి పెడల్ తిప్పితే చైన్ టక్కున పెద్ద చక్రం మీద కూర్చుంది. తన పనితనానికి తానే మురిసిపోయాడు. ఆ పిల్ల రెండు చేతులెత్తి దండం పెట్టి మరీ వెళ్లింది.

అరగంట తరువాత సుదర్శన్ గాలి కొట్టించుకోవడానికి వచ్చాడు. రైసుమిల్లు నడిపే కుటుంబం, డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజూ పొద్దున్నే గేర్ల సైకిల్ తొక్కుతాడు. ఆయన్ను చూడగానే దుర్గయ్యకు నోరు ఆగలేదు.

"ఇగ నువ్వు గేర్ల కోసం హైదరాబాద్ పోవుడు బంద్ సేటూ! పొద్దుగాల్నే ఒకటి చేసి పంపిన. వెనక స్క్రూ మూడు చుట్లు వదిలిన, చైన్ సక్కగ ఎక్కింది."

సుదర్శన్ ముఖంలో నవ్వు మాయమైంది.

"మూడు చుట్లా? పావు చుట్టు తిప్పి సూస్కుంట పోవాలె దుర్గయ్యా. ఆ స్క్రూ గోడ అసువంటిది. చైన్‌ను పెద్ద చక్రం దాటనియ్యదు. నువ్వు గోడే తీసేసినవ్. జోరుగ తొక్కుకుంట గేర్ ఏసిందనుకో, చైన్ పోయి చక్రం పుల్లలల్ల పడ్తది. చక్రం బిగుసుకపోతది. నాకు గట్లనే అయితే భుజం ఎముక ఇరిగింది. గదీ ఖాళీ రోడ్డు మీద. ఎవల సైకిల్ అది?"

దుర్గయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఫోన్ నంబరు తీసుకోలేదు. ఆమె పోతున్నది హైవే మీద.

"ఆగు, కారు తెప్పిస్త" అని సుదర్శన్ జేబులో ఫోన్ వెతికేలోపే దుర్గయ్య తన పాత మోపెడ్ ఎక్కేశాడు. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉందని ఊరి బయటికొచ్చాక గాని తెలియలేదు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

హైవే మీద లారీలు పక్క నుంచి దూసుకుపోతుంటే మోపెడ్ ఊగుతోంది. ఎన్నడూ లేనిది, ఆయన ఒక్కో లారీ వెనక టైర్లనే చూస్తున్నాడు. ఏ టైరు ఎంత ఎత్తుందో, దాని ముందు సైకిల్ ఎంత ఉంటుందో లెక్క వద్దన్నా మనసులోకి వస్తోంది. రోడ్డు మీద పడున్న గుడ్డపీలిక కూడా దూరం నుంచి చున్నీలా కనబడింది. ఆ పిల్ల చున్నీ వేసుకుందో లేదో కూడా గుర్తులేదు. పొద్దున ఆయన ఆమె ముఖం సరిగ్గా చూస్తే కదా.

చివ్వెంల దగ్గర రోడ్డు పక్క టీ బండి ముందు ఆపాడు. బండి నడిపే ఏసమ్మ గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, గేర్ సైకిల్ మీద ఒక పిల్ల పోయిందా?"

"పోయింది. నీళ్లు తాగి పోయింది. నీ బిడ్డనా?"

"కాదు... గట్లనే అనుకో."

"జర జల్ది పో తమ్మీ. ముందట ఏదో యాక్సిడెంట్ అయిందంటున్నరు. లారీలు ఆగినయట."

ఆమె ఇంకా ఏదో అంటోంది గానీ దుర్గయ్య చెవికి ఎక్కలేదు. కిక్ కొడితే కాలు జారింది, రెండోసారి కొడితే మళ్లీ జారింది. చివరికి ఏసమ్మే వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

రెండు కిలోమీటర్ల అవతల జనం గుమిగూడి ఉన్నారు. అడ్డంగా ఒక లారీ నిలిచి ఉంది. దుర్గయ్య మోపెడ్‌ను దూరంగానే ఆపేశాడు. దగ్గరికి పోవాలంటే కాళ్లు రావడం లేదు. పోకుండా ఉండడానికీ ధైర్యం చాలడం లేదు. పోలీసులు, ఆ పిల్ల తల్లిదండ్రులు, సందులో వాళ్లంతా తన దుకాణం ముందు నిలబడడం, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. దేవుడా, ఆ పిల్ల కాకుంటే చాలు అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ పిల్ల కాకుంటే ఇంకెవరో ఒకరి పిల్లే కదా.

జనాన్ని తోసుకుంటూ వెళ్లి చూశాడు. ట్రాక్టరు తిరగబడింది. వడ్ల బస్తాలు పగిలి రోడ్డంతా వడ్లు. డ్రైవరు గట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. దుర్గయ్య అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

మళ్లీ మోపెడ్ ఎక్కి కొంత దూరం పోయాక, ఆ పిల్ల ఫ్లైఓవర్ మొదట్లో కనబడింది. సైకిల్‌ను పక్కకు ఆపి, నల్లబడ్డ చేతులతో చైన్ సర్దుకుంటోంది. మోచెయ్యి గీరుకుపోయి ఎర్రగా ఉంది. ఆయన్ను చూసి నవ్వింది కూడా.

"అంకుల్! మీరేంది గిట్లొచ్చిండ్రు? మంచిగైంది. పెద్ద గేర్ ఏసిన, చైన్ లోపలికి పోయి ఇరుక్కుంది. మెల్లగ పోతున్న కాబట్టి పక్కకు ఒరిగిన గంతే. నాదే తప్పు. మీరు మంచిగనే చేసిండ్రు, నాకే గేర్ ఎయ్యస్తలేదు. ఎట్ల నొక్కాల్నో జర చెప్పుండ్రి. ఫ్లైఓవర్ మీద మళ్ల ఏసి సూస్త."

బతికే ఉంది. నిలబడి మాట్లాడుతోంది. దుర్గయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, ఒక తేలిక మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. మెల్లగ నొక్కాలె బిడ్డా, అంటే చాలు. తప్పు ఆమెదే అయిపోతుంది. మాటల్లో పెట్టి ఆ స్క్రూ మూడు చుట్లూ తిరిగి బిగిస్తే ఆమెకు ఎప్పటికీ తెలియదు.

జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి సైకిల్ వెనక వంగాడు. రెండు స్క్రూలున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. పొద్దున తిప్పింది పైదా, కిందిదా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. దారి పొడుగునా పడ్డ భయం ఒకెత్తు, ఇప్పుడు పట్టుకున్నది ఒకెత్తు. ఈసారి తప్పు తిప్పితే వెంటబడి ఆపడానికి కూడా ఉండదు.

లేచి నిలబడ్డాడు.

"తప్పు నీది కాదు బిడ్డా. నాకు గేర్ల పని రాదు."

ఉషశ్రీకి మొదట అర్థం కాలేదు. ఆయన స్క్రూ సంగతి, సుదర్శన్ చెప్పింది, పూసగుచ్చినట్టు చెప్పాడు. వింటూ వింటూ ఆమె ఫ్లైఓవర్ వైపు చూసింది. ఒక సిమెంటు లారీ ఏటవాలు మీద మూలుగుతూ ఎక్కుతోంది, దాని వెనకే ఇంకొకటి. ఆమె మెల్లగా రోడ్డు అంచున కూర్చుంది.

సైకిల్ ఆమె మీదికి ఒరగబోతే దుర్గయ్య పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యుండ్రి" అంది.

తీశాడు. సైకిల్ పక్కనున్న రెయిలింగ్‌కు ఒరిగి ఆగింది. ఆమె ఫోన్ తీసి వాళ్ల నాన్నకు కలిపింది. "నాన్నా" అని, ఆ తరువాత ఒక్క మాట కూడా రాక వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. అవతలి నుంచి "ఏమైంది? పడ్డవా? యాడున్నవ్?" అని అరుపులు వినబడుతున్నాయి. కొన్ని నిమిషాల క్రితం జనం మధ్యకు పోయేటప్పుడు తన లోపల పుట్టిన భయమే ఇప్పుడు ఆ గొంతులో ఉంది.

దుర్గయ్య చెయ్యి చాపి ఫోన్ ఇమ్మన్నాడు. ఆమె ఇచ్చింది.

"సారూ, నీ బిడ్డ మంచిగుంది. నా పక్కనే కూసుంది" అన్నాడు. "నేను సైకిల్ దుకాణం దుర్గయ్యను. ఏం జరిగిందో నేను చెప్త, ఇనుండ్రి."